ప్రైవేట్ జెట్‌ల మీద పన్ను: ఇంధనం మీద వేయాలా, సీటు మీద వేయాలా, విమానం కొన్నప్పుడు వేయాలా?

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. అమెరికాలో 150 మందితో ఒక మామూలు విమానం రెండు గంటలు ఎగిరిందనుకోండి. ఒక్కో టికెట్ అసలు ధర 300 డాలర్లు. దాని మీద ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) పన్ను 7.5 శాతం, అంటే 22.50 డాలర్లు. ఇది కాక సెగ్మెంట్ ఫీజు అని, విమానం ఎక్కి దిగిన ప్రతిసారీ మనిషికి ఇంకో 5 డాలర్లు, కాస్త అటూ ఇటూగా. మనిషికి 27.50 చొప్పున విమానం మొత్తానికి 4,125 డాలర్లు అవుతుంది. ఇప్పుడు అదే దారిలో, అదే రెండు గంటలు ఒకాయన తన సొంత పెద్ద జెట్‌లో వెళ్లాడు. అలాంటి జెట్ గంటకు సుమారు 450 గ్యాలన్ల (గ్యాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు) ఇంధనం తాగుతుంది, రెండు గంటలకు 900. గ్యాలన్‌కి ఫెడరల్ పన్ను 21.9 సెంట్లు. మొత్తం 197 డాలర్లు. అంతే, ఇంకేమీ లేదు.

జెట్ ఓనర్ల తరఫున ఒక వాదన వినిపిస్తుంది, అది పూర్తిగా తీసిపారేసేది కూడా కాదు: జెట్‌లో ముగ్గురే ఉంటే మనిషికి 65 డాలర్లు పడింది కదా, మామూలు ప్రయాణికుడు కట్టేది 27.50 మాత్రమే కదా, మరి మేమే ఎక్కువ కడుతున్నట్టు కాదా అని. తలసరి చూస్తే నిజమే. కానీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ తలలు లెక్కపెట్టడు, విమానాలు లెక్కపెడతాడు. లోపల ముగ్గురున్నా 150 మంది ఉన్నా ఆయన తెర మీద కనిపించేది ఒక్క చుక్కే, ఆ చుక్కని మిగతా చుక్కలకి తగలకుండా నడిపించడానికి పట్టే శ్రమ దాదాపు ఒక్కటే.

ఈ పన్నులన్నీ వెళ్లేది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ లాంటి ఖర్చులకి డబ్బివ్వడానికి 1970లో పెట్టిన ఎయిర్‌పోర్ట్ అండ్ ఎయిర్‌వే ట్రస్ట్ ఫండ్‌లోకి. ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాలసీ స్టడీస్, పేట్రియాటిక్ మిలియనీర్స్ అనే రెండు సంస్థలు 2023లో కలిసి ఒక నివేదిక వేశాయి. విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చూసుకునే ప్రతి ఆరు విమానాల్లో ఒకటి ప్రైవేట్ జెట్ అనీ, ఫండ్‌కి వచ్చే పన్నుల్లో మాత్రం వాటి వాటా 2 శాతమేననీ అందులో ఉంది. అంటే మిగతా ఖర్చు ఎవరు భరిస్తున్నట్టు? చివరి వరుసలో మధ్య సీట్లో ఇరుక్కుని కూర్చున్నవాళ్లు.

కాబట్టి పన్ను పెంచాలి అనేదాకా చాలామంది ఒప్పుకుంటారు. ఏ పన్ను, ఎక్కడ వేయాలి, వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాలి అనేసరికి గందరగోళం మొదలవుతుంది. నేను చూసినంతలో ఈ చర్చల్లో జనం మూడు వేరువేరు కోరికల్ని ఒకే మూటలో కట్టేస్తున్నారు. ఒకటి డబ్బు రావాలి, దాంతో బస్సులూ రైళ్లూ బాగుపడాలి. రెండు, ఈ విమానాలు తగ్గాలి. మూడు, న్యాయంగా ఉండాలి, వాడుకున్నవాడే కట్టాలి. ఈ మూడింటినీ ఒకే పన్ను తీర్చదు. పన్ను బాగా పనిచేసి విమానాలు తగ్గిపోతే డబ్బు రాదు, డబ్బు బాగా వస్తోందంటే విమానాలు తగ్గలేదన్నమాట. మీకు ఈ మూడింట్లో ఏది ముఖ్యమో ముందు తేల్చుకుని, ఆ తర్వాత కింద చెప్పినవి చదవండి.

ఇంధనం మీద పన్ను

అమెరికాలో ఈ చర్చలో వినిపించే అంకెలు మూడు. మొదటిది ఇప్పుడున్న 21.9 సెంట్లు. రెండోది బైడెన్ ప్రభుత్వం 2024 మార్చిలో బడ్జెట్‌లో పెట్టిన ప్రతిపాదన: ఐదేళ్లలో మెల్లగా పెంచి గ్యాలన్‌కి 1.06 డాలర్ల దగ్గరికి తేవడం. అది చట్టం కాలేదు. మూడోది మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్ మార్కీ, న్యూయార్క్ ప్రతినిధి నిడియా వెలాస్కెజ్ 2023లో పెట్టిన బిల్లు. ఇంగ్లిష్‌లో దాని పొడవాటి పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ఫ్యాట్‌క్యాట్ అని వస్తుంది. బాగా డబ్బున్నవాణ్ని అక్కడ వెటకారంగా అలాగే అంటారు, ఆ పేరు కోసం ఎవరో రాత్రంతా కూర్చుని ఉంటారు. ఇది గ్యాలన్‌కి 1.95 డాలర్లు చేయమంది, అప్పుడు అదీ చట్టం కాలేదు.

1.95 అనేది గాల్లోంచి ఊడిపడిన అంకె కాదు. ఒక గ్యాలన్ జెట్ ఇంధనం కాలితే సుమారు 9.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. టన్నుకి 200 డాలర్లు అని ధర కడితే, కిలోకి 20 సెంట్లు, 9.75 కిలోలకి 1.95 డాలర్లు. అంటే ఇది పేరుకి ఇంధన పన్ను, లోపల కార్బన్ పన్ను. ఈ బిల్లులో నాకు బాగా నచ్చిందీ అదే. అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఎవరైనా కాగితం మీద వేసుకుని చూసుకోవచ్చు.

మన రెండు గంటల ప్రయాణానికి వేసి చూద్దాం. ఇప్పుడు 197 డాలర్లు. బైడెన్ అంకెతో 954. మార్కీ అంకెతో 1,755. వినడానికి తొమ్మిది రెట్లు పెరిగినట్టుంటుంది, నిజానికి పెరిగిందీ అంతే. అయితే ఓనర్‌కి అయ్యే ఖర్చుని అద్దె ధరతోనే కొలుద్దాం: అలాంటి పెద్ద జెట్‌ని అద్దెకి తీసుకుంటే గంటకి 10,000 డాలర్లు అనుకుందాం, రెండు గంటలకి 20,000. పెరిగిన పన్ను సుమారు 1,560, అంటే మొత్తం ఖర్చులో 8 శాతం కూడా లేదు. ఇరవై వేలు పెట్టి వెళ్లేవాడు ఇంకో పదిహేను వందలు పడిందని ఆగిపోతాడా? కొందరు ఆగుతారేమో, ఎక్కువమంది ఆగరు. డబ్బు రావాలనుకునేవాళ్లకి ఇది మంచి వార్త, విమానాలు తగ్గాలనుకునేవాళ్లకి కాదు.

ఇంధన పన్నుకి ఇంకో మంచి గుణం ఉంది, అది సీటు పన్నుకి లేదు. ప్రైవేట్ జెట్‌లు చాలాసార్లు ఖాళీగా ఎగురుతాయి. ఓనర్ని ఒక చోట దింపి, ఆయన కుటుంబాన్ని తేవడానికి ఇంకో చోటికి, లేదా పార్కింగ్ చవగ్గా దొరికే చోటికి, ఒక్క మనిషి లేకుండా వెళ్లిపోతాయి. లోపల ఎవరూ లేకపోయినా ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది కాబట్టి ఇంధన పన్ను పడుతుంది.

ఇక లోపాల్లోకి వద్దాం. వీటిమీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే బిల్లులు బతికేదీ చచ్చేదీ ఇక్కడే.

మొదటిది ట్యాంకరింగ్. పన్ను తక్కువున్న చోట ట్యాంకు నిండా పోయించుకుని, ఎక్కువున్న చోట ఒక్క చుక్కా కొనకుండా వెళ్లిపోవడం. చిన్న దేశానికో, ఒక్క రాష్ట్రానికో ఇది పెద్ద తలనొప్పి. విమానంతో పాటు ట్యాంకులో వచ్చిన ఇంధనం మీద పన్ను వేయకూడదని 1944 నాటి చికాగో అంతర్జాతీయ విమానయాన ఒప్పందం 24వ అధికరణం చెబుతుంది, కాబట్టి విదేశీ విమానం వచ్చాక ట్యాంకు చూసి వసూలు చేద్దామన్నా కుదరదు. అమెరికా లాంటి పెద్ద దేశం మొత్తానికి ఒకే పన్ను వేస్తే ఈ దొంగదారి చాలావరకు మూసుకుపోతుంది. డల్లాస్ నుంచి డెన్వర్ వెళ్లేవాడు ఇంధనం కోసం మెక్సికో వెళ్లి రాడు కదా.

రెండోది అసలు చిక్కు: ప్రైవేట్ జెట్ అంటే ఏది? మీ సొంత జెట్‌లో మీరు వెళ్తే చట్టం దాన్ని వ్యాపారేతర ప్రయాణం అంటుంది, 21.9 సెంట్ల పన్ను దానికే. అదే జెట్‌ని చార్టర్ కంపెనీ ద్వారా డబ్బులిచ్చి అద్దెకి తీసుకుంటే అది వ్యాపార ప్రయాణం. అప్పుడు ఇంధనం మీద 4.4 సెంట్లే, కానీ అద్దె మీద 7.5 శాతం పన్ను. ఫ్రాక్షనల్ ఓనర్‌షిప్, అంటే ఒక జెట్‌లో ఎనిమిదో వంతో పదహారో వంతో కొనుక్కున్నవాళ్లు, వీళ్లకి 2012 చట్టం 21.9 మీద ఇంకో 14.1 సెంట్లు తగిలించింది. అదే విమానం, అదే సీటు, పన్నులు మూడు రకాలు.

ఆ మన రెండు గంటల ప్రయాణాన్నే చార్టర్‌కి లెక్కేస్తే 20,000 మీద 7.5 శాతం 1,500, ఇంధనం మీద ఇంకో 40, మొత్తం 1,540 డాలర్లు. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. అద్దెకి తీసుకున్నవాడు ఈరోజే 1,540 కడుతున్నాడు. అంతకంటే డబ్బున్న, విమానమే కొనుక్కున్నవాడు 197 కడుతున్నాడు. మార్కీ బిల్లు వస్తే ఇతను 1,755 కడతాడు. అంటే ఆ బిల్లు ఓనర్ని కొత్తగా పీడించేదేమీ కాదు, దాదాపు చార్టర్ కస్టమరు పక్కన తెచ్చి కూర్చోబెడుతుంది. ఈ పోలిక బిల్లు మద్దతుదారులే ఎందుకు ఎక్కువగా చెప్పరో నాకర్థం కాదు, ధనవంతుల మీద కోపం కంటే ఇది బలమైన వాదన.

కానీ ఇదే పోలికని తిరగేస్తే ఇంకోటి కనబడుతుంది. ఓనర్ల ఇంధనానికి మాత్రమే పన్ను పెంచి చార్టర్‌ని వదిలేస్తే, తెలివైన అకౌంటెంట్లు కాగితాలు ఎటు మారుస్తారో చెప్పక్కర్లేదు. యూరప్‌లోనూ ఇదే కథ. 2003 నాటి యూరోపియన్ యూనియన్ ఇంధన పన్ను నిబంధన విమాన ఇంధనానికి మినహాయింపు ఇస్తూనే, సొంత విలాస ప్రయాణాలకి ఆ మినహాయింపు లేదని రాసింది. చూడ్డానికి బాగానే ఉంది. చార్టర్ మాత్రం వ్యాపారం కింద లెక్క, దానికి మినహాయింపు వర్తిస్తుంది.

సీటు మీద పన్ను

ఫ్రాన్స్, బ్రిటన్ ఈ దారి పట్టాయి. ఫ్రాన్స్ 2025 మార్చి 1 నుంచి విమాన టికెట్ల సంఘీభావ పన్నుని పెంచింది, ప్రైవేట్ జెట్ ప్రయాణికులకి దూరాన్నీ విమానం రకాన్నీ బట్టి మనిషికి 210 నుంచి 2,100 యూరోలు. బ్రిటన్‌లో ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అని ఒకటుంది, పెద్ద ప్రైవేట్ జెట్‌లకి అందులో పై రేటు. 2024 అక్టోబర్ బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ ఆ పై రేటుని ఇంకో 50 శాతం పెంచుతున్నట్టు ప్రకటించారు, కాలిఫోర్నియా దాకా వెళ్లేవాళ్లకి మనిషికి 450 పౌండ్లు ఎక్కువ పడుతుందని ఆమె ఉదాహరణ.

దీనిలో సుఖం ఏమిటంటే వసూలు తేలిక. పన్ను యంత్రాంగం ముందే ఉంది, రేటు మార్చితే చాలు. అంతర్జాతీయ ఒప్పందాల గొడవ లేదు, ట్యాంకరింగ్ చేయడానికి వీల్లేదు, ఎందుకంటే మనుషుల్ని ఇంకో దేశంలో నింపుకుని రాలేరు.

చిక్కు ఏమిటో మీకు ఈపాటికే తట్టి ఉంటుంది. ఖాళీ విమానానికి పన్ను సున్నా. పైగా ఒక్కడే వెళ్తే ఒక్క పన్ను, పది మంది వెళ్తే పది పన్నులు, అంటే జెట్‌ని నింపుకుని వెళ్లినవాడికే ఎక్కువ వాత. కాలుష్యం దృష్టితో చూస్తే ఇది తలకిందుల లెక్క. ఇంకోటి, బరువు గీతలు. బ్రిటన్‌లో పై రేటు 20 టన్నులు, ఆపై బరువుండి 19 మంది కంటే తక్కువ పట్టే విమానాలకే ఉండేది. 19 టన్నుల జెట్ హాయిగా మామూలు రేటులో తప్పించుకునేది. అందుకే 2027 ఏప్రిల్ నుంచి ఆ గీతని 5.7 టన్నుల దాకా దించుతున్నారు.

ఫ్రాన్స్ గురించి ఒక్క మాట. రెండున్నర గంటల్లో రైలు అందే చోటికి విమానాలు వద్దని 2023 మేలో నిషేధం పెట్టారు, పారిస్ ఓర్లీ నుంచి బోర్డో, నాంత్, లియాన్ దారులు మూసేశారు. ప్రైవేట్ జెట్‌లు మాత్రం ఆ నిషేధంలోకి రాలేదు. బస్సు లాంటి విమానాన్ని ఆపి కారు లాంటి విమానాన్ని వదిలారన్నమాట.

లేచిన ప్రతిసారీ ఫీజు

నేచర్ గ్రూపు పత్రికల్లో ఒకటైన కమ్యూనికేషన్స్ ఎర్త్ అండ్ ఎన్విరాన్‌మెంట్‌లో 2024లో ఒక పరిశోధన వచ్చింది. 2019 నుంచి 2023 దాకా ప్రపంచంలోని దాదాపు 26 వేల ప్రైవేట్ విమానాల ప్రయాణాలని వాళ్లు విడివిడిగా లెక్కగట్టారు. 2023లో మొత్తం 1.56 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్, నాలుగేళ్లలో 46 శాతం పెరుగుదల. అందులో నన్ను ఆపేసింది వేరే అంకె: దాదాపు సగం ప్రయాణాలు, 47 శాతం, 500 కిలోమీటర్లలోపువే. అంటే మంచి రైలుంటే సరిపోయే దూరాలు.

ఇంధన పన్ను ఇక్కడ చేతులెత్తేస్తుంది. చిన్న జెట్ ముప్పావు గంట ఎగిరితే 135 గ్యాలన్లు తాగుతుందనుకుందాం, 1.95 చొప్పున 263 డాలర్లు. ఆ మనిషికి విమానాశ్రయంలో కాఫీ, కారు పార్కింగ్ ఖర్చులా ఉంటుంది. కొద్దిదూరం ప్రయాణాలని తగ్గించాలంటే దూరంతో సంబంధం లేకుండా లేచిన ప్రతిసారీ ఒక గట్టి మొత్తం పడాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. ఒబామా ప్రభుత్వం 2011లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ చూసుకునే గగనతలంలో జెట్‌లు ఎగిరే ప్రతి ప్రయాణానికి 100 డాలర్ల ఫీజు ప్రతిపాదిస్తే విమాన పరిశ్రమ మండిపడింది, అది ముందుకెళ్లలేదు. స్విట్జర్లాండ్ ఇంకా గట్టిగా రాసుకుంది, ప్రైవేట్ జెట్ లేచిన ప్రతిసారీ 500 నుంచి 3,000 ఫ్రాంకులు. అది పెట్టిన సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) చట్టాన్నే 2021 జూన్ 13న ప్రజాభిప్రాయ సేకరణలో 51.6 శాతం మంది తిరస్కరించారు. వాళ్లు తిరస్కరించింది జెట్‌ల ఫీజుని కాదు, అదే చట్టంలో పెట్రోలుకి, మామూలు విమాన టికెట్లకి కూడా వడ్డించారు. ధనవంతుడి పన్నుని మామూలు మనిషి పన్నుతో ఒకే కట్టలో కడితే రెండూ కలిసి మునుగుతాయని దానివల్ల తెలిసింది.

కొన్నప్పుడు పన్ను

దీని మీద పెద్దగా చెప్పడానికి లేదు, చరిత్ర చెప్పేసింది. అమెరికా 1990లో రెండున్నర లక్షల డాలర్లు దాటిన విమానాల మీద, లక్ష దాటిన పడవల మీద 10 శాతం విలాస పన్ను వేసింది. ధనవంతులు కొనడం వాయిదా వేశారు, తయారీ కంపెనీల్లో పనివాళ్ల ఉద్యోగాల గొడవ మొదలైంది, 1993లో ఎత్తేశారు. కెనడా 2022 సెప్టెంబర్‌లో అదే పని చేసి, 2025 బడ్జెట్‌లో విమానాలకీ పడవలకీ ఎత్తేసింది. కొన్న తర్వాత ఆ జెట్ రోజుకి రెండుసార్లు ఎగిరినా, ఏడాదంతా షెడ్డులో ఉన్నా ఈ పన్నుకి ఒకటే. నా మాట అడిగితే ఇది వద్దు.

కొత్త పన్ను వేయడం కంటే పాత రాయితీ తీసేయడం కొన్నిసార్లు తేలిక, దీని గురించి జనం తక్కువ మాట్లాడతారు. అమెరికాలో వ్యాపారం పేరుతో జెట్ కొంటే ఖర్చు మొత్తాన్ని మొదటి ఏడాదే ఆదాయంలోంచి తీసేసుకునే వీలుంది. దాన్ని బోనస్ డిప్రిసియేషన్ అంటారు. 2017 చట్టంలో 100 శాతం ఇచ్చారు, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది, 2025 చట్టంలో మళ్లీ 100 శాతానికి తెచ్చి శాశ్వతం చేశారు. రెండు కోట్ల డాలర్ల జెట్ కొన్న కంపెనీకి 21 శాతం కార్పొరేట్ పన్ను లెక్కన 42 లక్షల డాలర్లు ఆ ఏడాదే మిగులుతాయి. గ్యాలన్‌కి 1.73 డాలర్ల పెంపుతో ఆ 42 లక్షలు తిరిగి రావాలంటే ఆ జెట్ 24 లక్షల గ్యాలన్లు తాగాలి, గంటకి 450 చొప్పున 5,300 గంటలకి పైనే. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చేది ఎంత, ఇంకో చేత్తో అడుగుతున్నది ఎంత అని ఈ లెక్క చెప్పేస్తుంది.

నిషేధం సంగతి ఒక్క ముక్కలో. ఆమ్‌స్టర్‌డామ్ స్కిఫోల్ విమానాశ్రయం 2023 ఏప్రిల్‌లో ప్రైవేట్ జెట్‌లు వద్దంటామని ప్రకటించింది. ప్రకటించినంత తేలిగ్గా అమలు కాలేదు. నిషేధంతో ఎలాగూ బస్సులకి రూపాయి రాదు.

వచ్చిన డబ్బు ఎవరి చేతికి

చాలామంది బోల్తా పడేది ఇక్కడ. మా రాష్ట్రంలో జెట్ ఇంధనం మీద పన్ను వేసి ఆ డబ్బుతో ఎలక్ట్రిక్ బస్సులు కొందాం అని అమెరికాలో ఎవరైనా అంటే, ఆ ఆలోచన మొదటి రోజే ఆగిపోతుంది. ఫెడరల్ చట్టం ప్రకారం 1987 డిసెంబర్ 30 తర్వాత రాష్ట్రాలు, నగరాలు విమాన ఇంధనం మీద వేసే పన్నుల్ని విమానాశ్రయాలకీ, విమానయాన పనులకీ మాత్రమే ఖర్చు పెట్టాలి. ఎఫ్‌ఏఏ 2014లో దీన్ని ఇంకా గట్టిగా స్పష్టం చేసింది. ల్యాండింగ్ ఫీజులు పెంచినా అంతే, విమానాశ్రయంలో పుట్టిన డబ్బు ప్రధానంగా విమానాశ్రయంలోనే తిరగాలి. అంటే జెట్ ఇంధనం డబ్బుతో ఊళ్లో బస్సు నడవాలంటే అది అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చేసే ఫెడరల్ చట్టంతోనే సాధ్యం. మార్కీ బిల్లు అందుకే ట్రస్ట్ ఫండ్‌తో పాటు క్లీన్ కమ్యూనిటీస్ ట్రస్ట్ ఫండ్ అని వేరే ఖాతా తెరవమంటుంది, కాలుష్యం ఎక్కువగా భరిస్తున్న చోట్ల గాలి నాణ్యత కొలిచే యంత్రాలకీ, ప్రజా రవాణాకీ.

మీ చేతిలో రాష్ట్ర స్థాయి మాత్రమే ఉంటే ఇంధనం జోలికి పోకండి. చాలా రాష్ట్రాల్లో విమానం కొని వెంటనే బయటికి ఎగరేసుకుపోతే సేల్స్ ట్యాక్స్ ఉండదు, ఫ్లై అవే మినహాయింపు అంటారు. అది ఇంధన పన్ను కాదు కాబట్టి ఆ నిబంధన కిందకి రాదు, దాన్ని తీసేస్తే వచ్చే డబ్బుతో బస్సులు కొనుక్కోవచ్చు. కొన్నప్పుడు వేసే పన్ను వద్దని పైన చెప్పి ఇక్కడ ఇదేంటి అనకండి, అది అదనపు విలాస పన్ను, ఇది కారు కొన్నవాడు కట్టే మామూలు పన్నుని జెట్ కొన్నవాడినీ కట్టమనడం.

ఇక డబ్బు ఎంత? ప్రపంచంలోని అన్ని ప్రైవేట్ జెట్‌లూ టన్నుకి 200 డాలర్లు కట్టాయనుకోండి. 1.56 కోట్ల టన్నులు, 312 కోట్ల డాలర్లు. న్యూయార్క్‌లో 2017 జనవరిలో తెరిచిన సెకండ్ అవెన్యూ సబ్‌వే మొదటి దశ, కొత్త స్టేషన్లు మూడే, దానికే సుమారు 450 కోట్ల డాలర్లు అయింది. ప్రపంచం మొత్తం ఏడాదంతా కట్టినా ఆ మూడు స్టేషన్లు రావు. అందుకే ఈ డబ్బుతో మెట్రో కట్టేస్తాం అనేవాళ్లని నమ్మకండి. బస్సు సంగతి వేరు, అమెరికాలో ఒక ఎలక్ట్రిక్ బస్సు ఇంచుమించు 10 లక్షల డాలర్లు. ఆ 312 కోట్లలో సగం అమెరికాదే అనుకున్నా 1,560 బస్సుల డబ్బు. గాలిని కొలిచే యంత్రాలకైతే అందులో గోరంత చాలు.

కొనడానికి వాడండి, నడపడానికి వాడొద్దు అని నా సలహా. మాంద్యం వస్తే ముందు తగ్గేది జెట్‌ల ఎగురుడే. డ్రైవర్ల జీతాలు దాని మీద ఆధారపెడితే జెట్ ఓనరు విహారం మానేసిన నెలలో బస్సు ఆగిపోతుంది. ఫ్రాన్స్ 2020 నుంచి విమాన టికెట్ల మీద 1.50 నుంచి 18 యూరోల దాకా వేసిన పర్యావరణ పన్ను కూడా రవాణా నిర్మాణాలకి, ముఖ్యంగా రైలు పనులకే మళ్లింది.

చుట్టుపక్కల ఉండేవాళ్ల ఆరోగ్యం కోసమే ఈ పన్ను అని చెప్పేటప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త. న్యూజెర్సీలో టెటర్‌బరో, లాస్ ఏంజెలెస్‌లో వాన్ నైస్ లాంటి విమానాశ్రయాల దగ్గర జెట్‌ల హోరు, పొగ నిజమైన సమస్యలే. కానీ చిన్న విమానాశ్రయాల దగ్గర తల్లిదండ్రులు భయపడే సీసం జెట్‌ల నుంచి రాదు, పిస్టన్ ఇంజన్ల చిన్న విమానాలు వాడే ఏవ్‌గ్యాస్ అనే వేరే ఇంధనం నుంచి వస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2023 అక్టోబర్‌లో ఆ సీసం ప్రజారోగ్యానికి ప్రమాదమని తేల్చింది. జెట్ ఇంధన పన్ను ఏవ్‌గ్యాస్‌ని ముట్టుకోదు. కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీ తన విమానాశ్రయాల్లో 2022 జనవరి నుంచి సీసం ఉన్న ఇంధనం అమ్మడమే ఆపేసింది, ఆ సమస్యకి అలాంటి మందే పడాలి.

మరి ఏది ఎంచుకోవాలి

అమెరికాలో ఉంటే, డబ్బు మీ లక్ష్యమైతే, ఫెడరల్ ఇంధన పన్నే. 1.06 దొరికితే 1.06 తీసుకోండి, కానీ చార్టర్‌ని కూడా ఏదో ఒక రూపంలో లోపలికి తెస్తేనే. చార్టర్‌ని వదిలేసిన 1.95 కంటే అందరినీ కలిపిన 1.06 నయం. దాంతోపాటు బోనస్ డిప్రిసియేషన్ తీసేయమని అడగకుండా ఉండటం తప్పు, అసలు పెద్ద డబ్బు అక్కడుంది.

యూరప్‌లో ఉంటే సీటు పన్ను ముందే నడుస్తోంది కాబట్టి దాన్ని కూల్చి కొత్తది కట్టడం కంటే, ఎంతమంది ఉన్నా లేకపోయినా లేచిన ప్రతి జెట్‌కి ఇంతకంటే తగ్గకూడదు అని ఒక కనీస మొత్తం చేర్చితే ఖాళీ విమానాలు దొరుకుతాయి, కొద్దిదూరం ఎగిరేవాళ్లకీ తగులుతుంది. విమానాలే తగ్గాలి, డబ్బు వచ్చినా రాకపోయినా పర్లేదు అనుకునేవాళ్లకి కూడా ఇదే దారి, మొత్తం మాత్రం నాలుగంకెల్లో ఉండాలి. 100 డాలర్లతో ఎవరూ రైలెక్కరు.

ఏ బిల్లుకి మద్దతిచ్చినా సంతకం పెట్టే ముందు మినహాయింపుల పేజీ తెరిచి చూడండి. అంబులెన్స్ విమానాలు, మంటలార్పే విమానాలు ఉండాలి, దాని మీద గొడవ లేదు. చమురు, గ్యాస్, ఖనిజాల అన్వేషణకి, కలప నరకడానికి వాడే ప్రయాణాలకి అమెరికాలో ఇప్పటికే ఇంధన పన్ను మినహాయింపు ఉంది, మార్కీ బిల్లు దాన్ని తీసేయమంటుంది. బిల్లు కమిటీలోకి వెళ్లి బయటికి వచ్చేసరికి ఆ ఒక్క వాక్యం ఇంకా అక్కడే ఉందా, ఎగిరిపోయిందా అన్నది నేనైతే మొదట వెతుకుతాను.